మెట్ల పాట

మొగుడు వాయిస్తే ఒళ్ళు జలదరించే ఆడవాళ్ళు లోకంలో చాలామందే ఉంటారు. వాళ్ళ మొగుళ్ళకి వాయించడం రాదు కాబట్టి. నా మొగుడైన మా బావ సంగతి అలాంటిది కాదు. క్లారినెట్ నోట పెట్టాడంటే ఎంత పనిలో ఉన్నవాళ్ళైనా ఒక్క క్షణం చేతిలోది పక్కన పెట్టాల్సిందే. నాకు భయం పట్టుకుంది అతను బాగా వాయించిన పాటతోనే. అదంతా ఒక్క వానాకాలంలో జరిగిపోయింది.

వానలు ఇంకా పడతాయా పడవా అనుకుంటున్న రోజుల్లోనే, బావ పనిచేసే హోటలు వాళ్ళు భోజనాల హాల్లోంచి బ్యాండు తీసేశారు. గోడలకి స్పీకర్లు బిగించి, ఇక మీరు దయచేయవచ్చు అన్నారు. డ్రమ్ములాయన సొంత ఊరు వెళ్ళిపోయాడు, వయొలిన్ ఆవిడ పిల్లలకి పాఠాలు చెప్పుకుంటోంది. బావ మాత్రం క్లారినెట్ పెట్టె చంకన పెట్టుకుని ఇంటికొచ్చి, "ఇవాళ్టినుంచి నేను నీ ఒక్కదానికే ఉద్యోగిని. జీతం విషయం నీ దయ" అన్నాడు. నవ్వాను. నవ్వక ఏం చేస్తాను? ఆ క్షణాన నాకు తట్టలేదు గానీ, హోటలు పోయాక ఆ పాట వినడానికి మిగిలిన మనిషిని నిజంగానే నేనొక్కదాన్నే.

మేముండేది మూడో అంతస్తులో. నేను కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే పని చేస్తాను. సాయంత్రం ఇంటికొచ్చి వీధి గుమ్మంలో కాలు పెట్టేసరికి పైనుంచి పాట మొదలయ్యేది. హోటలుకి బయల్దేరే ముందు పెదవి వేడెక్కాలని వంక చెప్పేవాడు గానీ, హోటలు పోయాక కూడా ఆ వేళకి అది ఆగలేదు. కింది స్వరాల్లో చాలా మెల్లగా, బొంగురు గొంతుతో మొదలయ్యేది. నేను మెట్లెక్కేకొద్దీ తనూ పై స్వరాలకెక్కేవాడు. రెండో అంతస్తు మలుపు దగ్గర పాట ఒక్కసారిగా విచ్చుకుని, మా తలుపు దగ్గరికి చేరేసరికి సర్దుకుని కూర్చునేది. కాళ్ళు పీకేసి నెమ్మదిగా ఎక్కే రోజున తనూ నెమ్మదించేవాడు. బాల్కనీలోంచి వీధిలో నా నడక చూసి పాట కొలుచుకునేవాడట. దానికి పేరేమీ పెట్టలేదు. మేమిద్దరం మెట్ల పాట అనుకునేవాళ్ళం. అది వినబడిందంటే ఇంట్లో అంతా క్షేమం, పొయ్యిమీద టీ మరుగుతోందని అర్థం.

మా మేడ కింద సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు ఉంది. దాని ఓనర్ని అందరూ ఛార్జర్ బాబాయి అంటారు. ఫోను నీళ్ళలో పడిందన్నా, మేడమీంచి పడిందన్నా ఆయన మొదటి మాట, "ఛార్జర్ మార్చి చూశారా?" అనే. ఒక సాయంత్రం నేను మెట్లెక్కి, పాట అయిపోయి, టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నానో లేదో ఆయన వెనకాలే వచ్చేశాడు.

"ఏమయ్యా మాస్టారూ, రోజూ నీ పాట మా షాపులోకి ఊరికే వచ్చి పడుతోంది. దాన్ని రింగుటోను చేసి పడేద్దామా?"

"రింగుటోనా? ఫోను మోగితే జనం ఎత్తుతారు గానీ వింటారా బాబాయ్?"

"రోజుకి పాతికసార్లు వింటారు. నీ హోటల్లో సూపు జుర్రుకుంటూ ఎవడు విన్నాడో చెప్పు."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలిందని బావ మొహం చూస్తే తెలిసింది. తన గ్లాసు కింద పెట్టి క్లారినెట్ ముక్కలు కలిపి బిగించడం మొదలుపెట్టాడు.

మొదట షాపు వెనక గదిలో రికార్డు చేద్దామనుకున్నారు. ఆ రేకుల మీద వాన పడుతుంటే పాటకన్నా వానే పెద్దగా వచ్చింది. చివరికి మా పడకగది కిటికీలకి దుప్పట్లు కట్టి, బీరువా తలుపులు తీసి, చీరల ఎదురుగా బావని నిలబెట్టారు. చీరలుంటే గది గింగురుమనదని బాబాయి లెక్క. బావ కళ్ళు మూసుకుని, రోజూలాగే కింది స్వరాల్లో, బొంగురు గొంతుతో మొదలుపెట్టాడు. అంతా అయ్యాక బాబాయి ఫోనులో వినిపించాడు. మొదటి సగమంతా చీమ నడిచినట్టుంది.

"ఈ స్పీకరు గోరంతేనయ్యా. కింది స్వరాలు దీని గొంతులో దిగవు. పైకెత్తి వాయించు."

"పైకెత్తితే ఈలలా ఉంటుంది."

"ఉండనీ. ఇంకోటి, మొదట్నించీ పెట్టను. మెల్లగా మొదలైతే ఫోను జేబులో ఉన్నవాడికి ఏం వినబడుతుంది? ఆ మధ్యలో గట్టిగా లేస్తుంది చూడు, అక్కణ్ణుంచి కోస్తా."

అది రెండో అంతస్తు మలుపు. బావ నావైపు చూశాడు.

"మొదలు లేకుండా పాటేంటి బాబాయ్? మెట్లెక్కకుండా సరాసరి ఇంట్లోకి దూకినట్టుంటుంది."

"దూకాలి మరి! రింగుటోనంటే మనిషిమీదకి దూకడమే."

అలా మా మెట్ల పాట ఒక స్థాయి పైకెక్కి, తల తెగి, అర నిమిషం ముక్క అయింది. అయినా బాగుంది, అబద్ధమెందుకు? మొట్టమొదట నా ఫోనులోనే పెట్టించుకున్నాను. మర్నాడు షాపులో అది మోగగానే కళ్ళు పరీక్ష చేయించుకుంటున్న ముసలాయన అక్షరాలు చదవడం మానేసి ఇటు తిరిగాడు. నాకు మహా గర్వంగా అనిపించింది.

తర్వాత మేడంతా అంటుకుంది. ఒకటో అంతస్తు దర్జీ తన మిషను వేగానికి సరిపడా ఒకటి కావాలన్నాడు. బ్రెడ్డు అమ్మే అతను పొద్దున్నే హుషారుగా ఉండేది అడిగాడు. పై అంతస్తులో ఒంటరిగా ఉండే రిటైరైన టీచరమ్మ, దూరదేశంలో ఉన్న మనవరాలి నంబరుకి మాత్రం వేరే పాట కావాలంది. బావ ఒక్కొక్కళ్ళనీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాళ్ళ మాటతీరు విని, దానికి తగ్గట్టు చిన్న ముక్క కట్టేవాడు. దర్జీ ముక్క మధ్యలో దారం తెగినట్టు చటుక్కున ఆగి మళ్ళీ ఎత్తుకునేది. అది విని దర్జీ పొట్ట పట్టుకుని నవ్వాడు. కానీ ఎవరికి ఏం కట్టినా, చివరికి అందరూ అడిగేది మెట్ల పాటే. టీచరమ్మ కూడా మనవరాలి నంబరుకి ఆఖరికి దాన్నే పెట్టించుకుంది. హోటలు పోయిన మనిషి మొహంలో నేను అంత వెలుగు చూస్తాననుకోలేదు.

అదే రోజుల్లో అమ్మని ఆసుపత్రిలో చేర్చాం. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. నీరు తీసేస్తే సరిపోతుందన్నారు. అన్నయ్య సెలవు పెట్టి పగలంతా వార్డులో ఉండేవాడు, నేను షాపు అయ్యాక వెళ్ళేదాన్ని. అమ్మ బావకి అత్తగారే కాదు, సొంత మేనత్త కూడా. వార్డులో అడుగుపెట్టిన రోజే అతన్ని పిలిచి, "ఒరే, ఊళ్ళోవాళ్ళందరి ఫోనుల్లోనూ మోగుతావు, మేనత్తకి మాత్రం పనికిరావుట్రా?" అంది. బావ అక్కడికక్కడే పెట్టి ఇచ్చాడు.

ఆ తర్వాత అమ్మకి ఫోను చేస్తే ఎంతకీ ఎత్తేది కాదు. మొదటిసారి నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. వెళ్ళి అడిగితే తాపీగా చెప్పింది.

"పాట సగంలో ఎత్తితే పక్క మంచమావిడ కోప్పడుతోందే. అయ్యాక నేనే చేస్తాగా."

"నేను కంగారుపడి చావాలా?"

"చావడానికి నేనున్నాగా ఇక్కడ. నువ్వు కాస్త ఓపిక పట్టు" అని పక్క మంచమావిడ వైపు తిరిగి, "మా అల్లుడే వాయించాడండీ. మేనల్లుడు కూడాను. రెండు విధాలా నా సొత్తే" అంది.

వారం తిరిగేసరికి వార్డులో సగం ఫోనుల్లో ఆ పాటే. ఎవరిది మోగినా ఆరుగురు తలగడల కింద తడుముకునేవాళ్ళు. నర్సమ్మ నవ్వు ఆపుకుంటూ, "ఈ పాట కట్టినాయన్ని చూస్తే ఓ సూది పొడుస్తాను" అనేది.

నీరు తీసినకొద్దీ చేరుతూనే ఉంది. నవ్వులు తగ్గి ఫోన్లు పెరిగాయి.

అద్దాలు అరగదీసే పని కొంచెం నాజూకైనది. చక్రం తిరుగుతుంటే అద్దాన్ని రెండు వేళ్ళతో పట్టి, ఫ్రేములో ఇమిడేదాకా అంచు తాకించి తియ్యాలి. చెయ్యి ఒక్క వెంట్రుకవాసి అదిరిందంటే అంచు పెచ్చు లేస్తుంది. ఇక అది చెత్తబుట్టకే. ఏప్రాన్ జేబులో ఫోను మోగేది. అన్నయ్యే. "రక్తం కావాలంటున్నారు, ఎవరైనా ఉన్నారా?" ఇంకో రోజు, "పైకి మార్చారు. ఐసీయూ, అద్దాల గదిలోకి. నువ్వు రానక్కర్లేదులే, వచ్చినా చూడనివ్వరు." ఇంకో రోజు ఏమీ చెప్పలేక, "ఊరికే చేశాను" అన్నాడు. ఊరికే చేసిన ఆ ఫోనుకి ఒక అద్దం పెచ్చు లేచింది. షాపు యజమాని మంచివాడే. "ఫోను నాకివ్వమ్మా, నేను ఎత్తి చెబుతాలే" అన్నాడు. ఇవ్వలేదు. మోగకపోతే భయం, మోగితే భయం. ఫోను తీసే లోపలే, ఆ మొదటి మూడు స్వరాలకే, అరచేతుల్లో చెమట పట్టేసేది.

పాట మార్చుకోవచ్చన్న ఆలోచన మాకెవరికీ రాలేదు. సొంత ఇంటి పాట, అమ్మ ముచ్చటపడి పెట్టించుకున్న పాట. దాన్ని తీసెయ్యడమంటే ఏదో అపశకునం పలికినట్టుంటుందని నేనూ అనుకున్నాను, అన్నయ్యా అనుకున్నాడట.

చివరి ఫోను పొద్దున వచ్చింది. అప్పుడే చక్రం తిప్పాను.

"చెల్లీ, కూర్చుని ఉన్నావా?"

"నిలబడి ఉన్నాను."

"కూర్చో."

కూర్చోలేదు. అద్దం చేతిలోనే ఉంది, చక్రం ఉత్తినే తిరుగుతోంది. యజమాని వచ్చి స్విచ్చి ఆపాడు.

ఆసుపత్రికి వెళ్తున్నంతసేపూ నా ఫోను మోగుతూనే ఉంది. కబురు తెలిసినవాళ్ళు, తెలిసి నమ్మలేనివాళ్ళు, ఎప్పుడు రమ్మంటారని అడిగేవాళ్ళు. ప్రతిసారీ ఆ రెండో అంతస్తు మలుపే నామీదకి దూకింది. ఫోను నోరు నొక్కెయ్యడం ఎలాగో పసిపిల్లకి కూడా తెలుసు. ఆ రోజు నాకు తెలియలేదు.

పాత వార్డులో అమ్మ సామాను సర్దుతుంటే సంచిలోంచి అమ్మ ఫోను మోగింది. ఎవరో పాపం కబురు తెలియక, బాగోగులు కనుక్కుందామని చేసి ఉంటారు. అన్నయ్య నావైపు చూశాడు, నేను అన్నయ్యవైపు చూశాను. ఇద్దరిలో ఒక్కరికీ చెయ్యి ముందుకు రాలేదు. బావ గుమ్మంలోనే నిలబడిపోయాడు. పాట మొత్తం మోగింది. పక్క మంచమావిడ గోడవైపు తిరిగి పడుకుని, దుప్పటి చెవులదాకా లాక్కుంది.

కార్యక్రమాలు అయ్యాయి, వచ్చినవాళ్ళు వెళ్ళారు, నేను మళ్ళీ షాపుకి వెళ్తున్నాను. నా ఫోనులో కంపెనీ వాళ్ళిచ్చే టింగుటింగు పెట్టుకున్నాను. బావ అది చూశాడు. ఆ రోజుల్లో అతను పెట్టె తెరవలేదు. సాయంత్రం మెట్లెక్కుతుంటే దర్జీ మిషను చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. మనిషి పోయిన ఇల్లు కదా, మర్యాదకి ఆగాడనుకున్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. నేను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. బాల్కనీలో బావ పెదవి తడుపుకుని, చాలా మెల్లగా, అసలు పాట, కింది గొంతుతో, మొదట్నించీ మొదలుపెట్టాడు. నన్ను కాస్త ఓదార్చాలనే. అది నాకు తెలుసు, ఇప్పటికీ తెలుసు. మొదట హాయిగానే అనిపించింది. కత్తి ఆపి విన్నాను కూడా.

ఆ తర్వాత నాకు గుర్తున్నది మా ఇంటి తలుపు. తలుపు తీసి ఉంది, నా భుజాన ఆసుపత్రి సంచి ఉంది, చేతిలో గొడుగుంది. వెనకనుంచి బావ గొంతు వినబడింది.

"ఎక్కడికే?"

"ఎక్కడికీ లేదు."

"చెప్పులేసుకున్నావు."

కిందకి చూసుకున్నాను.

"ఒక్కటే వేసుకున్నాను" అన్నాను.

నా వేళ్ళు గొడుగు పిడిని వదలడం లేదు. బావ వాటినే కాసేపు చూశాడు. తర్వాత క్లారినెట్ మూతినుంచి రీడు అనే సన్నటి రెల్లుబద్ద ఊడదీసి, జేబురుమాలుతో మెల్లగా తుడిచి, "వాన వచ్చేలా ఉంది, బట్టలు తెస్తాను" అని బాల్కనీలోకి వెళ్ళాడు. దండెం మీద బట్టలేమీ లేవు.

నేనేం తక్కువ మొండిదాన్ని కాదు. మర్నాడు నేనే అడిగాను.

"వాయించు బావా. రోజూ వింటుంటే అదే అలవాటవుతుంది."

వాయించాడు. మెట్ల పాట వదిలేసి, హోటల్లో వాయించేవి, చిన్నప్పుడు నేర్చుకున్నవి, దర్జీ ముక్క కూడా. కుర్చీలో కూర్చుని, మొహాన నవ్వు పెట్టుకుని విన్నాను. మూడో రోజో నాలుగో రోజో అతను మధ్యలో ఆపేశాడు.

"ఎందుకు ఆపావు? బాగుందిగా."

"నీ మొహం బాగానే ఉందిలే. మెడ చూస్తున్నాను. నరాలు తాళ్ళలా నిక్కుతున్నాయి."

"ఆ ఒక్క పాటకే కదా నాకీ..."

"కాదే. పాటలు వేరైనా గొంతు ఒకటేగా. నువ్వు వింటున్నది ఆ గొంతుని." కాస్త ఆగి నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. "పాతికేళ్ళు ఒక్కడైనా సరిగ్గా వింటాడా అని ఏడ్చాను. చూడు, ఇప్పుడు వినేవాళ్ళు దొరికారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరిమీదో తెలియదు. ఛార్జర్ బాబాయిమీద, చచ్చిపోయి ఊరుకున్న అమ్మమీద, నా మాట వినని నా చెవులమీద. "నేనేం కావాలని చేస్తున్నానా?" అని అరిచాను. "నేనన్నానా?" అని అతనూ అరిచాడు. మేం అరుచుకోవడం చాలా అరుదు. ఇద్దరికీ గొంతులు పడిపోయాయి, విషయం మాత్రం ఉన్నచోటే ఉంది.

ఇంట్లో వాయించడం ఆగితే సరిపోయేది కాదు. మేడలో అందరి ఫోనుల్లోనూ అదే కదా. దర్జీ గదిముందునుంచి వస్తుంటే మోగేది, నా చేతిలో కూరల సంచి జారి మెట్లమీద టమాటాలు దొర్లేవి. దర్జీ, "అయ్యో అమ్మా, చూసుకుని ఎక్కు" అంటూ ఏరి ఇచ్చేవాడు. బావ ఇది ఒకసారి పైనుంచి చూశాడు. ఆ సాయంత్రమే చొక్కా వేసుకుని బయల్దేరాడు. నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. నా మొగుడు గుమ్మం గుమ్మం తిరిగి, తన పాట తీసెయ్యమని అడుగుతున్నాడు.

"అదేంటి మాస్టారూ, బ్రహ్మాండంగా ఉంటేనూ?" దర్జీ గొంతు.

"ఏం లేదండీ, కొంచెం తప్పు దొర్లింది అందులో. వినలేకపోతున్నాను."

"నాకేం వినబడలేదే తప్పు!"

"నాకు వినబడుతుంది కదండీ."

నా పేరెత్తలేదు. ఒక్క గుమ్మం దగ్గరా నా ఊసు తేలేదు. వాయించినవాడు తన పాటలో తప్పుందని ఒప్పుకోవడమంటే ఏమిటో నాకు తెలుసు. తప్పు స్వరం పడితే అన్నం సయించని మనిషి. అందరి దగ్గరా తలవంచుకుని అదే అబద్ధం చెప్పుకుంటూ పై అంతస్తుకి చేరాడు. టీచరమ్మ మాత్రం ఫోను గుండెకి అదుముకుందట.

"తప్పో ఒప్పో నాకు తెలీదు నాయనా. ఇది మోగిందంటే మా మనవరాలు మాట్లాడుతుంది. నన్నడక్కు."

బావ అడగలేదు. కిందకి వచ్చి ఆ మాట నాకు చెబుతూ, ఎన్నాళ్ళకో ఒక్క క్షణం మొహం విప్పాడు. వెంటనే నన్ను చూసి ముడుచుకున్నాడు. అది చూడలేక నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆఖరున ఛార్జర్ బాబాయి దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఆయనకొక్కడికే నిజం చెప్పాం. ఆయన చాలాసేపు ఏదో ఫోను వెనక రేకు గోటితో గోకుతూ కూర్చున్నాడు.

"నా కంప్యూటర్లోంచి తీసేస్తాను. కానీ మాస్టారూ, ఆసుపత్రిలో అంతమందికి వెళ్ళింది. వాళ్ళు వాళ్ళ చుట్టాలకి పంపుంటారు. గాల్లోకి పోయినదాన్ని నేనెక్కణ్ణుంచి పట్టుకురాను?" కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నేను నీకేదో మేలు చేద్దామనుకున్నానయ్యా."

"మేలే చేశావు బాబాయ్" అన్నాడు బావ. ఆ మాట నిజంగానే అన్నాడు.

వానలు వెనకపట్టు పట్టేసరికి బావ పార్సిల్ ఆఫీసులో చేరాడు. మూటలమీద చిరునామాలు రాసే పని. క్లారినెట్ పెట్టె బీరువామీదకి ఎక్కింది. మొదట్లో ఊరవతల ఎక్కడైనా వాయించుకుని రమ్మని నేనే పోరాను. ఒకటి రెండు సార్లు వెళ్ళాడు. బస్టాండు షెడ్డు కింద నిలబడి వాయిస్తే జనం చిల్లర వేశారట. మూడోసారి వెళ్ళలేదు. "పెదవి పోయిందే" అన్నాడు ఒకరోజు, అద్దంలో చూసుకుంటూ. గాలివాద్యం వాయించేవాళ్ళకి పెదవి రోజూ పని చెయ్యాలి. పని లేకపోతే మామూలు పెదవైపోతుంది. టీ తాగడానికీ, బాగున్నారా అని అడగడానికీ పనికొచ్చే పెదవి. నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఆ కాలం చివరి వాన రోజున అన్నయ్య ఇంటినుంచి తిరిగి వస్తున్నాం. బస్సు కిక్కిరిసి ఉంది. ఎవరో లేచి నాకు సీటిచ్చారు. బావ నా ఎదురుగా నిలబడి, పైన రాడ్డు పట్టుకున్నాడు. అతని చొక్కాకి పార్సిల్ ఆఫీసు జిగురు వాసన. కిటికీ అద్దాలన్నీ మూసి ఉన్నాయి, లోపల తడి గొడుగుల ఉక్క.

వెనకాల ఎక్కడో ఫోను మోగింది. రెండో అంతస్తు మలుపు.

నాకు అరచేతుల్లో చెమట పట్టడం, బావ రాడ్డు వదిలెయ్యడం ఒకేసారి జరిగాయి. రెండు చేతులతో నా రెండు చెవులూ గట్టిగా మూశాడు. బస్సు కుదుపుతోంది, పట్టుకోవడానికేమీ లేక మోకాళ్ళు నా సీటుకి ఆన్చి నిలదొక్కుకున్నాడు. చుట్టూ మనుషులు వింతగా చూస్తున్నారు. కొంచెం తల తిప్పితే కనబడింది, ఎవరో పెద్దాయన, మాకేమాత్రం తెలియని మనిషి, పెద్ద సంచిలో చెయ్యి మోచేతిదాకా పెట్టి ఫోను కోసం కెలుకుతున్నాడు. పక్కనున్నావిడ పాట విని తల ఊపుతోంది. ఆమె పెదవులు కదిలాయి. బాగుంది అన్నట్టుంది.

నాకు ఏమీ వినబడలేదు. కానీ బావ వేళ్ళు నా తలమీద కదులుతున్నాయి. అతనికి తెలియకుండానే. ఎడమచేతి వేళ్ళు చెవిపైన, కుడిచేతి వేళ్ళు మెడ దగ్గర, ఒక్కొక్కటే లేస్తూ, దిగుతూ. పాట ఎక్కడిదాకా వచ్చిందో నాకు ఆ వేళ్ళే చెప్పాయి. మలుపు దాటింది, చివరి మెట్లు ఎక్కుతోంది. తలెత్తి చూశాను. కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆ మొహం నేను చూసి ఎన్నాళ్ళయిందో.

అప్పుడు నాకు వణుకు వచ్చింది. ఆపుకుందామని పళ్ళు బిగించాను, సీటు అంచు పట్టుకున్నాను. ఆగలేదు. చెవులు మూసినా, ఆ వేళ్ళకిందనే నా తల వణుకుతోంది.

బావ కళ్ళు తెరిచాడు. పెద్దాయన ఇంకా సంచిలో వెతుకుతూనే ఉన్నాడు. పాట ఇంకా మోగుతూనే ఉండి ఉంటుంది. బావ నా చెవులమీంచి చేతులు తియ్యలేదు. వేళ్ళు మాత్రం మళ్ళీ కదల్లేదు.